సముద్రంలో ప్లాస్టిక్: డబ్బు ఎక్కడుంది, పల్లెపాలెం దాకా ఎందుకు రావడం లేదు

మైపాడు బీచ్‌లో ఆదివారం సాయంత్రం జనం వదిలి వెళ్లే నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు అందరికీ కనిపిస్తాయి. ఫొటోల్లోకి ఎక్కేవీ అవే. బోట్లు ఒడ్డుకు లాగి ఉంచే చోటికి నడిచి వెళ్తే కనిపించే చెత్త వేరు. వల బాగు చేసుకుంటూ కోసి పడేసిన నైలాన్ ముక్కలు ఇసుకలో సగం పూడుకుపోయి ఉంటాయి. అరచేయంత ముక్కే కదా అని పట్టి లాగితే ఊడి రాదు. దాని వెనక బారెడు తాడు, ఆ తాడుకు పగిలిన బెండు, ఒకటో రెండో సీసపు గుండ్లు, వాటికి చుట్టుకున్న నాచు అన్నీ కలిసి వస్తాయి. ఇసుక, ఉప్పు పట్టిన ఆ ముద్దను పాత సామాన్లు కొనే వ్యాపారి తూకానికి పెట్టుకోడు. పంచాయతీ ట్రాక్టరు అంత ఇసుకలోకి రాదు. సముద్రం పోటు మీదున్న రోజున అది మళ్లీ నీళ్లలోకే పోతుంది.

ఆ ముద్దను అక్కడి నుంచి తీయించడానికి డబ్బు ఎవరిస్తారన్నదే ఈ వ్యాసం. నెల్లూరు, ప్రకాశం తీరంలో పనిచేసే సంఘాలవాళ్లు, కాలేజీ లెక్చరర్లు, సర్పంచులు ఎవరిని కదిపినా "ఫండ్స్ ఏమైనా ఉన్నాయా సార్?" అనే అడుగుతారు. ఉన్నాయి. పంచాయతీకి వచ్చే కేంద్ర నిధుల దగ్గర్నుంచి యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల దాకా ఉన్నాయి. అయితే ఒక్కో డబ్బు ఒక్కో పనికే పుట్టింది. ఒకటి షెడ్డు కట్టడానికి, ఒకటి యంత్రం కొనడానికి, ఒకటి పరిశోధన పత్రం రాయడానికి, ఇంకొకటి లాభం వచ్చే వ్యాపారానికి. రోజూ పొద్దున్నే గోతం పట్టుకుని ఒడ్డున నడిచే మనిషి కూలికి, ఆ గోతాలు మోసే ఆటో కిరాయికి మాత్రం నేరుగా పుట్టిన పథకం ఒక్కటీ లేదు. మన తీరంలో ఈ పని నిలబడకపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. ఏ డబ్బును ఎలా అడిగితే ఆ కూలి, ఆ కిరాయి దాకా వస్తుందో చూద్దాం.

ముందు ప్రపంచం సంగతి రెండు ముక్కల్లో. ఏటా దాదాపు 1.9 నుంచి 2.3 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వ్యర్థాలు నదుల్లోకి, చెరువుల్లోకి, సముద్రాల్లోకి చేరుతున్నాయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా. దీన్ని ఆపడానికి చట్టబద్ధమైన ఒప్పందం చేసుకుందామని 2022 మార్చిలో నైరోబీలో దేశాలన్నీ తీర్మానించాయి. 2024 చివర్లో బుసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో చర్చలు ఒప్పందం లేకుండానే ముగిశాయి. ఉత్పత్తి తగ్గించాలా వద్దా అన్నదానితో పాటు, పేద దేశాలకు అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది కూడా తెగని పేచీ. ఆ ఒప్పందం కుదిరి ఉంటే దాని వెంట ఒక నిధి, దరఖాస్తుకు ఒక దారి వచ్చేవి. కుదరలేదు కాబట్టే డబ్బు పది చోట్ల చెదిరి ఉంది, ప్రతి చోటా రూలు వేరు.

చెత్త ఎక్కడిదో తెలిస్తేనే డబ్బు ఎక్కడిదో తెలుస్తుంది

మన రెండు జిల్లాల తీరంలో ప్లాస్టిక్ ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది ఊళ్లు. నెల్లూరు నగరం మురుగు, సర్వేపల్లి కాలువలో పడేసిన కవర్లు, పెన్నా ఒడ్డున గుమ్మరించిన చెత్త వానలకు కొట్టుకుపోయి సముద్రంలో కలుస్తాయి. ప్రకాశంలో గుండ్లకమ్మ, మూసీ, పాలేరు ఇదే పని చేస్తాయి. తీరానికి సమాంతరంగా పోయే బకింగ్‌హామ్ కాలువ ఎక్కడికక్కడ ఈ చెత్తను ఆపి, పెద్ద వాన రాగానే వదిలేస్తుంది. రెండోది రొయ్యల చెరువులు. గట్లకు, అడుగుకు పరిచే ప్లాస్టిక్ షీట్లు, పక్షులు వాలకుండా కట్టే వలలు, మేత బస్తాలు, మందుల డబ్బాలు. మేత బస్తాలు చాలావరకు మళ్లీ అమ్ముడుపోతాయి, పాడైన షీట్లు మాత్రం గట్టు మీదే పడి ఉంటాయి. మూడోది వేట. వలలు, తాళ్లు, థర్మకోల్, ఐసు కవర్లు.

ఈ మూడింటికీ డబ్బు వచ్చే దారి ఒకటి కాదు. ఊళ్ల చెత్తకు స్వచ్ఛ భారత్, పంచాయతీ నిధులు ఉన్నాయి. ప్యాకెట్లకు, సీసాలకు, బస్తాలకు తయారీదారు బాధ్యత అనే చట్టం ఉంది. వలలకు ఆ రెండూ లేవు. అది ఎలాగో ముందు ముందు చెబుతాను, ఎందుకంటే దరఖాస్తులు రాసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది అక్కడే.

స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ రెండో దశలో 5,000 జనాభా లోపు ఊళ్లకు ఘన వ్యర్థాల నిర్వహణ కోసం మనిషికి 60 రూపాయల వరకు, అంతకంటే పెద్ద ఊళ్లకు మనిషికి 45 రూపాయల వరకు ఇస్తారు. 3,000 మంది ఉన్న పట్టపుపాలెం, అంటే మత్స్యకారుల ఊరు, అనుకుందాం. లక్షా ఎనభై వేలు. షెడ్డుకు, ట్రైసైకిల్‌కు సరిపోతుంది. ఇదికాక బ్లాకుకు ఒకటి చొప్పున ప్లాస్టిక్ వ్యర్థాల యూనిట్‌కు 16 లక్షల వరకు ఉంది. అందులో ముక్కలు చేసే యంత్రం, బేళ్లు కట్టే యంత్రం వస్తాయి. నడిపే ఖర్చు మాత్రం పంచాయతీ తన రాబడి నుంచో, ఆర్థిక సంఘం గ్రాంట్ల నుంచో చూసుకోవాలి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రామీణ గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని కట్టడి చేసింది. కానీ ఇంటి పన్ను వసూలే అంతంతమాత్రంగా ఉండే చిన్న తీర పంచాయతీలో ఆ సొమ్ము పైపులైన్ల రిపేరుకు, వీధి చెత్తకే చాలదు. బీచ్ అనేది వీధి లెక్కలోకి రాదు. యంత్రం వచ్చి, సరుకు రాక, కరెంటు బిల్లు కట్టలేక షెడ్డుకు తాళం పడే పరిస్థితి ఇలా పుడుతుంది. తప్పు సర్పంచ్‌ది కాదు, ఆపరేటర్‌ది కాదు. పథకం రాసిన తీరే అలా ఉంది.

ఒక పాలేనికి ఎంత కావాలి?

ఇది ఊహించి వేసిన లెక్క. మీ ఊరి అంకెలు పెట్టుకుని సరిచూసుకోండి. నలభై ఫైబర్ బోట్లున్న ఒక పాలెం. ఒక్కో బోటు వారానికి రెండు కిలోల పాత వల, తాడు, సముద్రంలో దొరికిన కవర్లు తెచ్చి ఇస్తుందనుకుందాం. వారానికి 80 కిలోలు, నెలకు 320. ఇసుక దులిపి, బెండ్లు, గుండ్లు విడదీసి, రకాలుగా వేరు చేస్తే కిలోకు సగటున 12 రూపాయలు వచ్చిందనుకున్నా నెలకు 3,840 రూపాయలు. ఒక మనిషికి జీతం 12,000, వారానికో ఆటో ట్రిప్పుకు 1,500 చొప్పున 6,000. మొత్తం 18,000. అంటే నెలకు పద్నాలుగు వేల పైచిలుకు లోటు. వేట సాగే పది నెలలకు లక్షా నలభై వేలు దాటుతుంది.

పదహారు లక్షల యూనిట్ మంజూరయ్యే దేశంలో ఏడాదికి లక్షన్నర పెద్ద మొత్తం కాదు. అయినా నేను చెప్పిన పథకాల్లో ఏదీ దాన్ని నేరుగా ఇవ్వదు. పైగా ఆ లోటు ఎప్పటికీ పూర్తిగా పోదు. వలల రేటు పెరిగినా, సరుకు పెరిగినా తగ్గుతుందంతే. సముద్రపు చెత్త తనను తానే పోషించుకునే వ్యాపారం అవుతుందని ప్రతిపాదనలో రాస్తే చదివేవాళ్లు సంతోషిస్తారు, రెండో ఏడు లెక్కలు చూపించేటప్పుడు రాసినవాళ్లకే టెన్షన్. ఇది పారిశుధ్య సేవ, దీనికి ఎవరో ఒకరు నెల నెలా కట్టాలి అని మొదటి పేజీలోనే రాయడం మంచిది.

కేరళలో కొల్లం దగ్గర నీండకరలో 2017లో మొదలైన శుచిత్వ సాగరం కార్యక్రమాన్ని ఈ కోణంలోనే చూడాలి. బోట్లకు సంచులు ఇచ్చారు. వలలో పడిన ప్లాస్టిక్‌ను మళ్లీ నీళ్లలోకి విసిరేయకుండా ఒడ్డుకు తెమ్మన్నారు. హార్బరులోనే ముక్కలు చేసి రోడ్లు వేయడానికి వాడారు. అది నడిచిందంటే హార్బరు ఇంజినీరింగ్ శాఖ, మత్స్యశాఖ లాంటి ప్రభుత్వ విభాగాలు కలిసి రావడం వల్ల, ముక్కలు వేరు చేసే పనిలో తీరపు మహిళలకు కూలి దొరకడం వల్ల. మనకు జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బరు కట్టారు. కొత్త హార్బరు నిర్వహణ ఖర్చులోనే పాత వలల సేకరణకు ఒక గది, ఒక మనిషి అని రాయించుకుంటే అంతకంటే స్థిరమైన నిధి ఇంకోటి ఉండదు. హార్బరు పాతబడి అలవాట్లు స్థిరపడ్డాక ఇది కష్టం.

కంపెనీల సీఎస్ఆర్: టీషర్టులు కాదు, జీతాలు అడగండి

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. కృష్ణపట్నం పోర్టు చుట్టూ థర్మల్ కేంద్రాలు, వంటనూనె శుద్ధి కర్మాగారాలు ఎన్ని ఉన్నాయో ముత్తుకూరు మండలంలో ఎవరినడిగినా చెబుతారు. రామాయపట్నం పోర్టు వస్తోంది. అంటే ఈ తీరానికి ఈ చట్టం అక్షరాలా వర్తిస్తుంది.

అయినా తీరంలో మనకు ఎక్కువగా కనిపించేది సెప్టెంబరు మూడో శనివారం, అంతర్జాతీయ తీర శుభ్రతా దినం నాడు టోపీలు, టీషర్టులు, ఫ్లెక్సీలు. పిల్లలు ఎండలో ఏరిన చెత్త సంచులు సాయంత్రానికి ఎక్కడికి పోతాయో ఎవరూ అడగరు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లోనే ఒక సర్క్యులర్ ఇచ్చింది (2021లో దాని స్థానంలో కొత్త వివరణలు వచ్చాయి). మారథాన్లు, అవార్డులు, ప్రకటనలు, స్పాన్సర్‌షిప్‌ల లాంటి ఒక్కరోజు కార్యక్రమాలు సీఎస్ఆర్ ఖర్చు కిందికి రావని అందులో స్పష్టంగా ఉండేది. ఒక్కరోజు శుభ్రతకు డబ్బు ఇస్తామని కంపెనీ వస్తే ఈ మాట మర్యాదగా గుర్తు చేయొచ్చు. ఆ డబ్బునే మూడేళ్ల ప్రాజెక్టుగా అడగొచ్చు.

2021లో సవరించిన సీఎస్ఆర్ నియమాల్లో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, కొనసాగే ప్రాజెక్టు. మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్ల దాకా నడపొచ్చు. రెండోది, పాలనా ఖర్చుల మీద పెట్టిన 5 శాతం పరిమితి. చాలా సంఘాలు దీన్ని చూసి భయపడి జీతాలు అడగడమే మానేశాయి. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు సంబంధించింది. ప్రాజెక్టు అమలుకు, పర్యవేక్షణకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని నియమంలోని నిర్వచనమే చెబుతోంది. ఒడ్డున చెత్త ఏరే మనిషి జీతం, ఆటో కిరాయి ప్రాజెక్టు ఖర్చే. పైన వేసిన లక్షా నలభై వేల లోటును మూడేళ్ల పాటు పూడ్చగల డబ్బు, నాకు తెలిసి, మన దగ్గర ఇదొక్కటే.

దీనికి కావాల్సిన కాగితాలు: అమలు చేసే సొసైటీ లేదా ట్రస్టుకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదు, మూడేళ్లుగా అలాంటి పనులు చేసిన చరిత్ర, సీఎస్ఆర్-1 ఫారం ద్వారా వచ్చే నంబరు. నిన్నగాక మొన్న పెట్టిన సంఘానికి ఇవి ఉండవు. అలాంటప్పుడు అన్నీ ఉన్న సంస్థతో కలిసి చేయాలి. ఆ సంస్థ పెద్దదైనంత మాత్రాన పాలెం సంఘం పేరు చిన్న అక్షరాల్లోకి పోకూడదు. ఎవరి జీతం ఎవరి చేతుల మీదుగా వస్తుందో ఒప్పందంలోనే రాసుకోండి.

వలకు లేని చట్టం

ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016లో వచ్చాయి. వాటికి 2022 ఫిబ్రవరిలో తయారీదారు విస్తృత బాధ్యత, అందరూ అనే మాటలో ఈపీఆర్, మార్గదర్శకాలు జోడించారు. ప్లాస్టిక్‌లో సరుకు ప్యాక్ చేసి అమ్మే కంపెనీ, ఆ బరువు లెక్కన ప్లాస్టిక్ వెనక్కి సేకరించి, అందులో నిర్ణీత శాతం రీసైకిల్ అయ్యేలా చూడాలి. రీసైక్లింగ్ లక్ష్యం దశలవారీగా పెరుగుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైన రీసైక్లర్ దగ్గర ఆ మేరకు సర్టిఫికెట్లు కొనుక్కోవచ్చు. అంటే బీచ్‌లో ఏరిన నీళ్ల సీసాకు తుక్కు ధర మీద మరో విలువ కూడా పుట్టింది. ఆ విలువ ముందు రీసైక్లర్‌కు చేరుతుంది, ఏరినవాళ్లకు కాదు. కాబట్టి సంఘాలు దళారికి అమ్మకుండా నమోదైన రీసైక్లర్‌కే నేరుగా, తూకం రశీదులతో అమ్మాలి. ధర మాట్లాడేటప్పుడు సర్టిఫికెట్ సంగతి ఎత్తాలి. 2023లో కొందరు రీసైక్లర్లు లక్షల సంఖ్యలో నకిలీ సర్టిఫికెట్లు సృష్టించినట్టు తనిఖీల్లో బయటపడింది. నిజమైన సరుకు, నిజమైన రశీదు ఉన్నవాళ్లకు అందుకే గిరాకీ ఉంటుంది. రొయ్యల మేత బస్తాలు కూడా ప్యాకేజింగే. మేత కంపెనీలను ఆ చెరువుల గట్ల దగ్గరికి పిలిచి ఈ బాధ్యత గుర్తు చేయడానికి రైతు సంఘాలకు హక్కుంది.

చేపల వల మాత్రం ప్యాకేజింగ్ కాదు. మన ఈపీఆర్ లెక్కలో దానికి చోటు లేదు, దాన్ని రీసైకిల్ చేస్తే సర్టిఫికెట్ రాదు, వల తయారుచేసే కంపెనీకి ఏ లక్ష్యమూ లేదు. యూరప్‌లో 2019 నాటి చట్టం ప్లాస్టిక్ ఉన్న వేట సామగ్రికి కూడా 2024 చివరికల్లా తయారీదారు బాధ్యత పెట్టాలని దేశాలను ఆదేశించింది. సముద్రంలో తెగిపోయిన వల ఏళ్ల తరబడి చేపలను, తాబేళ్లను పట్టి చంపుతూనే ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు దీనివల్ల ఎంత హాని ఉందో తీరంలో తిరిగే అటవీ సిబ్బందికీ, మత్స్యకారులకూ తెలుసు. అన్నిటికంటే ప్రమాదకరమైన ప్లాస్టిక్‌కే చట్టంలో డబ్బు లేదు. ఈ ఖాళీని పూడ్చమని మత్స్యకార సహకార సంఘాలు అడగాలి. వల కొనేటప్పుడే కొంత డిపాజిట్ కట్టించుకుని, పాతది తెచ్చిచ్చినప్పుడు తిరిగి ఇచ్చే పద్ధతి పెడితే, పైన లెక్కలో ఉన్న లోటులో పెద్ద భాగం పోతుంది. కిలోకింత అని కట్టే పద్ధతి కంటే అది మేలు. కిలో లెక్క పెడితే ఊళ్లో చెత్త కూడా సముద్రపు చెత్తగా తూకానికి వచ్చే అవకాశం ఉంటుంది.

విదేశీ డబ్బు, దాని తలుపులు

సముద్రపు ప్లాస్టిక్ మీద విదేశాల్లో చాలా నిధులున్నాయి. ప్రపంచ బ్యాంకు 2020లో దక్షిణాసియా నదులు, సముద్రాల కోసం 5 కోట్ల డాలర్లతో ప్లీజ్ అనే ప్రాజెక్టు పెట్టింది. నార్వే డబ్బుతో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ నడిపిన గ్లోలిట్టర్ ప్రాజెక్టు నౌకల నుంచి, వేట నుంచి వచ్చే ప్లాస్టిక్ గురించే. అందులో భారత్ ముందు వరుసలో నిలిచిన దేశాల్లో ఒకటి. కానీ ఇలాంటివి సాధారణంగా ప్రభుత్వాల ద్వారా నడుస్తాయి. స్వచ్ఛంద సంస్థ నేరుగా విదేశీ దాత నుంచి తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు కావాలి. సంస్థకు కనీసం మూడేళ్ల వయసు ఉండాలి, ఆ మూడేళ్లలో తన ప్రధాన పనుల మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. 2020 సవరణ ఇంకో పెద్ద దారి మూసేసింది. అంతకు ముందు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద సంస్థ విదేశీ నిధి తీసుకుని, కొత్తపట్నంలోనో పాకలలోనో ఉన్న చిన్న సంఘానికి వాటా పంపేది. ఇప్పుడు అలా బదిలీ చేయడం నిషిద్ధం, నమోదున్న సంస్థల మధ్య కూడా.

చిన్న సంఘాలకు మిగిలిన దారుల్లో ఒకటి చాలామందికి తెలియదు. ఐక్యరాజ్యసమితి, దాని ప్రత్యేక సంస్థలు, ప్రపంచ బ్యాంకు, ఇంకా కేంద్రం నోటిఫై చేసిన కొన్ని సంస్థలు ఎఫ్‌సీఆర్ఏ నిర్వచనంలో విదేశీ వనరు కిందికి రావు. గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ వారి చిన్న గ్రాంట్ల కార్యక్రమం ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) ద్వారా నడుస్తుంది. ఊరి స్థాయి సంఘాలకే ఉద్దేశించింది, గ్రాంటు మామూలుగా 50,000 డాలర్ల లోపు ఉంటుంది. ఏ దఫాలో ఏ ప్రాంతాలను ఎంచుకున్నారో చూసుకుని, తీరప్రాంతం ఉన్నప్పుడు సిద్ధంగా ఉండాలి. దాత పేరు నోటిఫై చేసిన జాబితాలో ఉందో లేదో ఆడిటర్‌తో ముందే సరిచూసుకోండి. ఇంకొకటి, వ్యాపార ఆదాయం. సహకార సంఘం పోగు చేసిన పాత నైలాన్‌ను విదేశీ కంపెనీకి మామూలు వ్యాపారంగా అమ్మితే వచ్చే డబ్బు విరాళం కాదు.

స్టార్టప్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో ఆలోచన నిరూపించుకోవడానికి 20 లక్షల దాకా గ్రాంటు, బయోటెక్నాలజీ ఆధారిత ఆవిష్కరణలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ నుంచి 50 లక్షల దాకా గ్రాంటు ఉన్నాయి. 2019లో పెద్ద వినియోగ వస్తువుల కంపెనీల డబ్బుతో 10 కోట్ల డాలర్లు దాటిన సర్క్యులేట్ క్యాపిటల్ ఓషన్ ఫండ్ హైదరాబాద్‌లోని రీసైక్లింగ్ సంస్థల్లో కూడా పెట్టుబడి పెట్టింది. అది గ్రాంటు కాదు, లాభం అడిగే పెట్టుబడి. ఏటా వేల టన్నులు చేసేవాళ్లకు తప్ప మన పాలేనికి పనికిరాదు. అయితే ఆ రీసైక్లర్లు సరుకు కొనేవాళ్లు కాబట్టి వాళ్ల ఫోన్ నంబర్లు మన దగ్గర ఉండాలి.

పరిశోధన: ముందు లెక్క తేలాలి

దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా మొదట అడిగేది "మీ తీరంలో ఎంత చెత్త ఉంది?" అని. దీనికి జవాబు చెప్పడానికి కోట్లు అక్కర్లేదు. తీరంలో 100 మీటర్లు కొలిచి, రెండు చివర్ల గుర్తు పెట్టుకుని, ఏడాదికి నాలుగు సార్లు, ప్రతిసారీ అదే చోట, కనిపించిన ప్రతి వస్తువునూ రకాల వారీగా లెక్కపెట్టి తూచాలి. సీసాలు, మూతలు, వల ముక్కలు, తాళ్లు, సాషేలు, థర్మకోల్. ఇది అంతర్జాతీయంగా వాడే పద్ధతే. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం దేశమంతటా బీచ్‌ల చెత్త మీద సర్వేలు చేస్తోంది. దాని ఫారాల ప్రకారం చేస్తే మన అంకెలను వాళ్ల అంకెలతో పోల్చుకోవచ్చు. కావలి, ఒంగోలు డిగ్రీ కాలేజీల విద్యార్థులు చేయగలిగిన పని ఇది. ఐదు మిల్లీమీటర్ల కంటే చిన్నవైన మైక్రోప్లాస్టిక్‌ల దగ్గరికి వస్తే ఖర్చు పెరుగుతుంది. ఇసుకను జల్లెడ పట్టి, చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి, పైకి తేలినవి తీయడం దాకా చిన్న ల్యాబులో అవుతుంది. అది ఏ ప్లాస్టిక్కో తేల్చడానికి ఎఫ్‌టీఐఆర్ యంత్రం కావాలి. దాన్ని కొనాలని ప్రాజెక్టు రాయనక్కర్లేదు. ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలోని పరికరాలు ఎక్కడున్నాయో చూసి, సాంపిల్స్ పంపి ఫీజు కడితే సరిపోతుంది.

పెద్ద నిధుల్లో ఇప్పుడు ప్రధానమైనది అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్. 2023 చట్టంతో ఏర్పడి, అంతకు ముందు పరిశోధన గ్రాంట్లు ఇచ్చిన సెర్బ్ అనే సంస్థను తనలో కలుపుకుంది. ఐదేళ్లలో 50,000 కోట్లు లక్ష్యం, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. అందులో పెయిర్ అనే పథకం పేరున్న పెద్ద సంస్థను మధ్యలో పెట్టి రాష్ట్ర విశ్వవిద్యాలయాలను చుట్టూ కలుపుతుంది. కాకుటూరు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో మెరైన్ బయాలజీ ఉంది, ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. పేరుకు భాగస్వాములుగా కాకుండా, తీరం దగ్గరున్నది మేమే, సాంపిళ్లు మా విద్యార్థులే తెస్తారు అన్న బలంతో వీళ్లు పెద్ద సంస్థల దగ్గర కూర్చోవాలి.

2025 మేలో భారత్, యూరోపియన్ యూనియన్ కలిసి రెండు పరిశోధన కాల్స్, అంటే దరఖాస్తులకు పిలుపులు, ఇచ్చాయి. ఒకటి అచ్చంగా సముద్రపు ప్లాస్టిక్ మీద, రెండోది వ్యర్థాల నుంచి హైడ్రోజన్ మీద. రెండింటికీ కలిపి దాదాపు 391 కోట్లు. యూరప్ వాళ్ల హొరైజన్ నిధి భారతీయ సంస్థలకు నేరుగా డబ్బు ఇవ్వదు కాబట్టి మన వైపు భాగస్వాములకు మన ప్రభుత్వమే ఇస్తుంది. ఇలాంటి కాల్ వెలువడ్డాక నాలుగైదు నెలల్లో యూరప్ జట్టును వెతుక్కుని దరఖాస్తు పూర్తి చేయడం మన కాలేజీలకు దాదాపు అసాధ్యం. పరిచయాలు ముందే ఉండాలి. చేతిలో రెండేళ్ల 100 మీటర్ల లెక్క ఉన్న అధ్యాపకుడిని జట్లే వెతుక్కుంటూ వస్తాయి, ఎందుకంటే ఏళ్ల తరబడి ఒకే చోట తీసిన అంకెలను ఎంత డబ్బు పెట్టినా ఒక్క రోజులో పుట్టించలేరు.

కంపెనీల డబ్బు కూడా పరిశోధనకు రావొచ్చు. కంపెనీల చట్టంలోని ఏడో షెడ్యూలు ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాలకు, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వంటి సంస్థలకు సైన్స్ పరిశోధన కోసం ఇచ్చే విరాళాన్ని సీఎస్ఆర్‌గా ఒప్పుకుంటుంది. వలల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఐసీఏఆర్‌దే, దానికి విశాఖలో కేంద్రం ఉంది.

ప్రభుత్వ గ్రాంటు తీసుకున్నవాళ్లు యూసీ గురించి మొదటి రోజు నుంచే ఆలోచించాలి. యూసీ అంటే ఖర్చు ధ్రువీకరణ పత్రం, 12-ఏ ఫారం (పైన చెప్పిన 12ఏ నమోదు వేరు). అది సమయానికి పోకపోతే రెండో విడత ఆగిపోతుంది. ఆ ఆగిన ఆరు నెలల్లో స్కాలర్ మానేస్తాడు, సర్వే మధ్యలో తెగిపోతుంది. గ్రాంటు సొమ్ము మీద బ్యాంకులో వచ్చిన వడ్డీ కూడా వెనక్కి కట్టాల్సిందే. సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో లెక్కలు చూసే మనిషి ఒకరుంటే సగం గొడవ ఉండదు.

ఏప్రిల్ 15 కల్లా

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, మగవాళ్లు ఇళ్ల దగ్గర ఉంటారు, వలలు విప్పి బాగు చేసుకునేది ఎక్కువగా అప్పుడే. తెగిన వల ముక్క సముద్రంలోకి పోకముందే చేతికి దొరికే కాలం అది. పాత వలల సేకరణ ఏడాదిలో ఒక్కసారే పెట్టుకోగలిగితే అప్పుడే పెట్టుకోవాలి. కానీ డబ్బు క్యాలెండర్ దీనికి ఎదురు తిరుగుతుంది. ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, ఆ నెలలో ఏ ఆఫీసులోనూ కొత్త మంజూరు కదలదు. గోతాలు, తూకం మిషను, మనిషి ఏప్రిల్ 15కి పాలెంలో ఉండాలంటే, ముందటి ఏడాది దసరా లోపే కంపెనీ సీఎస్ఆర్ అధికారి బల్ల మీద కాగితం ఉండాలి. దానికి ముందు వానల్లో ఒకసారి, ఎండల్లో ఒకసారి 100 మీటర్ల లెక్క అయిపోయి ఉండాలి.

ఆ కాగితం మీద నలుగురి సంతకాలు ఉంటే బలం. షెడ్డు, స్థలం పంచాయతీది. సరుకు తెచ్చేది మత్స్యకార సహకార సంఘం, ఊరి కాపుల, అంటే పెద్దల, మాట లేకుండా ఏ పట్టపుపాలెంలోనూ ఇది కదలదు కాబట్టి వాళ్లతో కూర్చుని మాట్లాడాకే సంతకం. అంకెలు కాలేజీవి. కొనుగోలు నమోదైన రీసైక్లర్‌ది, కిలో ధర రాతపూర్వకంగా. ఖర్చుల పట్టికలో మొదటి వరుసలో యంత్రం పేరు రాయకండి. రోజూ ఏరే మనిషి జీతం, వారానికోసారి వచ్చే ఆటో కిరాయి, మూడేళ్లకు అని రాయండి. కంపెనీ వాళ్లు మాట్లాడుకునేటప్పుడు బ్యానర్ సైజు అడిగితే, వాళ్ల పేరు ఆటో మీద రాయిస్తామని చెప్పండి.